మా ఇంట మగపిల్లలకే పదేపదే నిమ్ము, చెవి చీము: మూడు తరాలుగా జరుగుతున్నదానికి కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: సత్తుపల్లి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు ఇప్పుడు ఇరవై నెలలు. ఐదు నెలలు నిండే దాకా వాడు జలుబు కూడా ఎరుగడు. ఏడో నెలలో కుడి చెవి నుంచి చీము కారడం మొదలైంది. మందులతో తగ్గింది కాని, మూడు వారాలు తిరగకముందే ఎడమ చెవి కారింది. తొమ్మిదో నెలలో నిమ్ము చేసి ఆరు రోజులు, పదమూడో నెలలో మళ్లీ నిమ్ము చేసి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పదిహేడో నెలలో మోకాలు వాచి, ఎర్రబడి, కాలు ముట్టుకోనివ్వకుండా రాత్రంతా ఏడ్చాడు. కీలులో చీము చేరిందని చెప్పి ఆపరేషన్ చేసి తీశారు. ఇంజెక్షన్లు పడిన ప్రతిసారీ త్వరగానే కోలుకుంటాడు, ఆడుకుంటాడు, అన్నం తింటాడు. మందులు ఆపిన రెండు మూడు వారాలకు మళ్లీ మొదటికి వస్తుంది. ఇప్పటికి బరువు 8.6 కిలోలే ఉన్నాడు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. నాది మేనరికం. మా అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నాను, అంటే మా అత్తగారు నాకు స్వయానా అమ్మమ్మ. నాకొక తమ్ముడు ఉండేవాడు, మూడేళ్ల వయసులో నిమ్ముతోనే పోయాడు. అమ్మమ్మకు కూడా, మా అమ్మ తరువాత, మా ఆయనకు ముందు పుట్టిన మగబిడ్డ నాలుగేళ్లకే పోయాడట. ఆ పిల్లవాడికీ చెవులు కారుతుండేవని, నడివేసవిలో కూడా దగ్గు వదిలేది కాదని అమ్మమ్మ చెబుతుంది. మా ఇంట్లో దీన్ని మగపిల్లల గండం అంటారు. మొక్కులన్నీ తీర్చాం, తాయెత్తులు కట్టించాం. చుట్టాలు మాత్రం మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని నా ముఖం మీదే అంటున్నారు. ఆ మాట చెవిన పడిన రోజున మా ఆయన కంచం ముందు నుంచి లేచిపోతారు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 ఉంది, తెల్లకణాల సంఖ్య మామూలుగానే ఉందన్నారు. క్షయ లేదని తేలింది. లివర్ పరీక్షలో టోటల్ ప్రోటీన్ 5.1, ఆల్బుమిన్ 4.0 అని ఉంది, లివర్ బాగానే ఉందని చెప్పారు. చెవి డాక్టరు గారు గొంతు చూసి, టాన్సిల్స్ అసలు కనబడనంత శుభ్రంగా ఉందన్నారు. అదొక్కటైనా బాగుందని సంతోషించాం. పోలియో చుక్కలతో సహా టీకాలన్నీ వేళకు వేయించాం.

మా అక్కకు ఇప్పుడు ఏడో నెల. తనది బయటి సంబంధం, రాజమండ్రిలో ఉంటుంది. తనకు మగబిడ్డ పుడితే ఏమవుతుందోనని మా అమ్మకు నిద్ర పట్టడం లేదు. ఇది నిజంగా రక్తంలో వచ్చే జబ్బేనా? ఏ పరీక్ష చేయించాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: విశ్రాంత పిల్లల వైద్యుడు, గుంటూరు

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. బిడ్డను చూడకుండా జబ్బు ఫలానా అని నిర్ధారించడం సరికాదు కాని, ఈ వారంలోనే చేయించవలసిన పరీక్ష ఒకటి ఉంది కాబట్టి వెంటనే రాస్తున్నాను.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు వస్తాయి. అందుకే తరచుగా జబ్బు పడుతున్నాడని తల్లి చెప్పినప్పుడు మా వైద్యులు చాలాసార్లు తేలికగా తీసుకుంటారు. మీ బాబు సంగతి వేరు. ఏడాది వ్యవధిలో రెండుసార్లు నిమ్ము, కీలులో చీము, బరువు పెరగకపోవడం, వీటికి తోడు ఇంట్లో ఇద్దరు మగపిల్లలు అదే తీరున పోవడం, ఇవన్నీ కలిస్తే పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపం ఉందేమో తప్పక వెతకాలి. ఇలాంటి లోపాలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. అయినా మీ వర్ణన వాటిలో ఒకదానివైపే గట్టిగా చూపిస్తోంది.

ఐదు నెలల దాకా బాగుండడానికి కారణం మీరే. గర్భంలో ఉండగా, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి రక్తంలోని, రోగక్రిములతో పోరాడే ఐజీజీ అనే యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరుతాయి. వాటి పరిమాణం సుమారు మూడు వారాలకొకసారి సగానికి తగ్గుతూ వస్తుంది. ఆరో నెల వచ్చేసరికి తల్లి ఇచ్చినది దాదాపుగా ఖర్చయిపోతుంది, ఆ లోగా బిడ్డ సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెట్టాలి. మీ బాబు ఆ పని చేయలేకపోతున్నాడేమోనని నా అనుమానం.

మీరు సంతోషించిన టాన్సిల్స్ మాటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఇన్నిసార్లు జబ్బు పడిన ఈ వయసు పిల్లవాడి గొంతులో టాన్సిల్స్ ఎదిగి కనబడాలి. వాటిలో ఎక్కువ భాగం యాంటీబాడీలను తయారుచేసే వంశానికి చెందిన బీ కణాలే. ఆ కణాలు లేకపోతే టాన్సిల్స్ ఎదగవు. ఇక లివర్ రిపోర్టు చూడండి. టోటల్ ప్రోటీన్ 5.1 లోంచి ఆల్బుమిన్ 4.0 తీసేస్తే మిగిలేది 1.1. ఆ మిగిలినదే గ్లోబ్యులిన్, యాంటీబాడీలు ఉండేది అందులోనే. ఈ వయసులో అది ఇంచుమించు 2 దాకా ఉండాలి. లివర్ కోసం చేసిన పరీక్ష కనుక ఈ తీసివేత ఎవరూ చేసి చూసి ఉండరు.

నేను అనుమానిస్తున్న జబ్బు పేరు ఎక్స్-లింక్డ్ అగామాగ్లోబ్యులినీమియా. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, పదేపదే జబ్బు పడుతున్న ఎనిమిదేళ్ల బాలుడి రక్తంలో గామా గ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీలు ఉండే భాగం, అసలు లేదని కనిపెట్టి, దాన్ని బయటి నుంచి ఇంజెక్షన్‌గా ఇచ్చి ఆ బాలుణ్ణి తేరుకునేలా చేశాడు. దానికి కారణమైన జన్యువును 1993లో గుర్తించారు, దాని పేరు బీటీకే. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి కనుక ఒకదానిలో లోపమున్నా రెండోది ఆదుకుంటుంది, వారికి ఏ జబ్బూ కనబడదు. మగవారికి ఉన్నది ఒక్కటే, అదీ తల్లి నుంచి వచ్చినదే. దానిలో లోపముంటే ఆదుకునేది మరొకటి లేదు.

మేనరికం మాట ఇక్కడే తేల్చుకోవాలి. మీ అమ్మమ్మ కొడుకు పోయాడు, మీ అమ్మగారి కొడుకు పోయాడు, ఇప్పుడు మీ కొడుకు జబ్బు పడ్డాడు. మూడూ ఆడవారి గొలుసు వెంట నడిచినవే. మీ ఆయన పెద్దవాడై ఆరోగ్యంగా ఉన్నారు కనుక, ఆయన ఎక్స్ క్రోమోజోములో ఈ లోపం లేదు. అంతేకాదు, తండ్రి తన కొడుకుకు ఎక్స్ క్రోమోజోమ్ ఇవ్వనే ఇవ్వడు. మీరు మేనమామను కాక ఏ ఊరి అబ్బాయిని చేసుకున్నా మీ కొడుకుకు ఉన్న ప్రమాదం ఇంతే. నా అనుమానం నిజమైతే, మీ ఆయన కంచం ముందు నుంచి లేవవలసిన అవసరం లేదని ఆయనకు చెప్పండి. అలాగే, తప్పంతా ఆడవారిదని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోవద్దు. తన కణంలో ఏముందో ఎవరూ ఎంచుకుని పుట్టరు. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో చాలామందికి కుటుంబ చరిత్రే ఉండదు, మార్పు కొత్తగా వచ్చి ఉంటుంది.

చేయించవలసినవి: రక్తంలో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీ రకాలు ఎంతెంత ఉన్నాయో చూడడం, ఫ్లో సైటోమెట్రీ అనే పద్ధతిలో సీడీ19 గుర్తున్న బీ కణాలను లెక్కించడం. ఈ జబ్బులో బీ కణాలు లింఫోసైట్లు అనే రకం తెల్లకణాల్లో రెండు శాతం కూడా ఉండవు. మొత్తం తెల్లకణాల లెక్క మామూలుగా ఉన్నంత మాత్రాన ఇది లేదనుకోకూడదు. ఐజీజీ ఫలితాన్ని పెద్దవారి కొలతతో పోల్చకుండా ఆ వయసు పిల్లల కొలతతో పోల్చమని అడగండి. రక్తం ఎక్కించకముందే, ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల యాంటీబాడీలతో చేసిన మందు) ఇవ్వకముందే నమూనా తీయాలి. ఆ తరువాత తీస్తే కనబడేవి దాతల యాంటీబాడీలు. అవి తేలే దాకా బాబుకు గాని, ఇంట్లో మరే బిడ్డకు గాని నోటి పోలియో చుక్కలు వేయించవద్దు. ఆ చుక్కల్లో ఉండేది బతికి ఉన్న వైరస్. యాంటీబాడీలు లేని శరీరం దాన్ని వదిలించుకోలేక నెలల తరబడి మోయవచ్చు, అరుదుగా పక్షవాతం కూడా రావచ్చు. ఇప్పటికే వేసిన చుక్కల సంగతి డాక్టరుకు తేదీలతో చెప్పండి.

ఇదే తీరున కనబడే మరికొన్ని జబ్బులు కూడా తల్లి వైపు నుంచి రావచ్చు. ఐజీఎం మామూలుగా లేదా ఎక్కువగా ఉండి ఐజీజీ పడిపోయేది ఒకటి, తెల్లకణాలు సూక్ష్మక్రిములను మింగినా చంపలేకపోయే క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ మరొకటి. రెండోదానికి డీహెచ్ఆర్ అనే పరీక్ష ఉంది. కీలులో చీము పట్టింది కనుక దాన్నీ చేయించడం మంచిది. హైదరాబాదులోని నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది. ముంబైలోని ఐసీఎంఆర్ రోగనిరోధక, రక్త పరిశోధన సంస్థ, చండీగఢ్ పీజీఐ ఈ లోపాల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి. మీ పిల్లల డాక్టరు గారు రాసిన చీటీతో వెళ్లండి.

జవాబు 2: విజయనగరం జిల్లా నుంచి ఒక తండ్రి

అమ్మా, మా అబ్బాయికి ఇదే జబ్బు. ఇప్పుడు పదకొండేళ్లు, ఐదో తరగతి పూర్తిచేశాడు, సాయంత్రం క్రికెట్ ఆడకపోతే ఊరుకోడు. జబ్బు పేరు బయటపడేసరికి వాడికి నాలుగేళ్లు. అంతకుముందు మూడేళ్లు ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరిగాం. ప్రతిచోటా ఆ పూట నిమ్ముకే వైద్యం జరిగింది, ఇన్నిసార్లు ఎందుకు వస్తోందని ఎవరూ అడగలేదు. ఆ ఆలస్యానికి గుర్తుగా వాడి కుడి ఊపిరితిత్తి కింది భాగంలో గొట్టాలు వెడల్పయి మిగిలిపోయాయి, రోజూ ఉదయం వీపు మీద తట్టి కఫం తీయిస్తాం. మీరు ఇరవై నెలలకే అడుగుతున్నారు, అది మీ బాబుకు చాలా మేలు చేస్తుంది.

వైద్యం ఎలా ఉంటుందో చెబుతాను. నాలుగు వారాలకొకసారి ఇమ్యునోగ్లోబ్యులిన్ సెలైన్‌లాగా ఎక్కిస్తారు. కిలో బరువుకు సాధారణంగా 400 నుంచి 600 మిల్లీగ్రాములు. మా వాడు 28 కిలోలు, 15 గ్రాములు ఎక్కిస్తున్నారు. ఒక్కో సీసా వేలమంది దాతల ప్లాస్మా నుంచి తయారవుతుందని తెలిసిన రోజున మా ఆవిడ ఆ సీసాకు దండం పెట్టింది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది వేడికి వచ్చే దాకా బల్ల మీద ఉంచాలి, నురుగు పట్టేలా ఊపకూడదు. మొదటి అరగంట చాలా నెమ్మదిగా ఎక్కించి, వణుకు, తలనొప్పి ఏమీ లేకపోతే వేగం పెంచుతారు. ప్రతి సీసా మీది బ్యాచ్ నంబరు కాగితాన్ని ఊడదీసి, తేదీ వేసి, ఒక నోటుపుస్తకంలో అతికిస్తాను. ఏడేళ్ల పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి.

ఎక్కించే రోజు ఉదయం, ఎక్కించకముందే రక్తం తీసి ఐజీజీ ఎంతకు దిగిందో చూస్తారు. మా డాక్టరు గారు అది 700కు తగ్గనివ్వరు. తగ్గితే మోతాదు పెంచుతారు. పిల్లవాడు బరువు పెరిగినకొద్దీ మోతాదు పెరగాలి, ఈ సంగతి మరిచిపోయి ఒక ఏడాది పాత మోతాదే ఇప్పించి మేము దెబ్బతిన్నాం. జ్వరం వస్తే రేపు చూద్దామని ఆగవద్దు. తాగే నీరు కాచి చల్లార్చినదే ఇవ్వండి, ఈ పిల్లలకు నీటి ద్వారా వచ్చే జియార్డియా విరేచనాలు ఒక పట్టాన తగ్గవు.

ఖర్చు మాట దాచను, మధ్యతరగతి ఇంటికి అది బరువే. కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో నిమ్స్ ఒకటి. మీ బాబు జబ్బు తేలిన వెంటనే అక్కడ నమోదు చేయించి, ఏ సాయం వర్తిస్తుందో అక్కడి వారినే అడగండి.

జవాబు 3: అనంతపురం ఆడపడుచు, ఇప్పుడు బెంగళూరులో

చెల్లీ, డాక్టరు గారు చెప్పినది మీ ఇంటికి సరిపోతుంది. అయితే ఇది చదివినవారెవరూ మేనరికంతో ప్రమాదమే లేదనుకోకూడదని నా అనుభవం రాస్తున్నాను. నేను మేనత్త కొడుకును చేసుకున్నాను. మా ఇద్దరిలోనూ ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం ఉంది, ఇద్దరి నుంచీ అందినప్పుడే బిడ్డకు జబ్బు వస్తుంది. అందులో ఆడ, మగ తేడా లేదు. మా మొదటి పాపకు మూడో నెలలో నోరంతా తెల్లగా పూసి, ఎన్ని మందులు రాసినా పోలేదు. పుట్టిన రోజున వేసిన బీసీజీ టీకా చోట పుండు మానకుండా ఎడమ చంకలో గడ్డ లేచింది. ఐదో నెలలో పోయింది. టీ కణాలు, బీ కణాలు రెండూ పనిచేయని తీవ్ర లోపమై ఉంటుందని చివరి రెండు రోజుల్లో ఒక డాక్టరమ్మ అనుమానించారు.

ఆ రోజున పాప రక్తం రెండు మిల్లీలీటర్లు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో తీసి డీఎన్ఏ దాచమని మాకు చెప్పినవారు లేరు. అందువల్ల లోపం ఏ జన్యువులో ఉందో తెలియక, రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ముందుగా పరీక్ష చేయించుకోలేకపోయాం. రెండో పాప పుట్టగానే బీసీజీ ఆపించి, రెండో రోజున లింఫోసైట్లు లెక్కపెట్టించాం. పుట్టిన బిడ్డకు మూడు వేలకు పైనే ఉండవలసినవి 900 ఉన్నాయి. నాలుగో నెలలో, ఇంకా ఏ జబ్బూ తగలకముందే, వాళ్ల నాన్న మూలకణాలతో మార్పిడి చేశారు. ఇప్పుడు దానికి ఆరేళ్లు, మొన్ననే పాలపన్ను ఊడింది.

మీ అక్క ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలోనే, పరీక్ష ఫలితం వచ్చే దాకా బీసీజీ, పోలియో చుక్కలు వేయవద్దని డాక్టరు చేత రాయించి సంతకం పెట్టించండి. నోటిమాట చాలదు. కాన్పు గదిలో నర్సు మారుతుంది, తెల్లారి టీకాల ట్రే పట్టుకొని వచ్చే అమ్మాయికి మీ ఇంటి కథ తెలియదు.

జవాబు 4: మళ్లీ విశ్రాంత పిల్లల వైద్యుడు

అనంతపురం అమ్మాయి రాసినది ప్రతి అక్షరం నిజం. అక్కగారి విషయంలో ఒకటి కలుపుతాను. మీ అమ్మగారు ఈ లోపాన్ని మోస్తున్నారనుకుంటే, అక్కగారికి అది చేరి ఉండే అవకాశం సగం, చేరి ఉంటే ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకు మళ్లీ సగం. అంటే కొడుకు పుడితే నాలుగింట ఒక వంతు ప్రమాదం. పుట్టిన రోజున ఐజీజీ చూసి బాగుందని ఊరుకోవద్దు, అది తల్లిదే. బొడ్డుతాడు రక్తంలో బీ కణాలను లెక్కించాలి, అవి తల్లి నుంచి రావు. బిడ్డ ఆడా మగా అని ముందుగా తెలుసుకోవడానికి ఎక్కడికీ వెళ్లవద్దు, ఈ నెలలో దానివల్ల చేయగలిగేదీ లేదు. తల్లిపాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

ప్రశ్న అడిగిన తల్లి: ఐదు వారాల తరువాత

డాక్టరు గారికి, విజయనగరం అన్నయ్యగారికి, అనంతపురం అక్కకు నా నమస్కారాలు. మీరు చెప్పిన వారంలోనే రక్తం ఇచ్చాం. ఐజీజీ 60 కూడా లేదు, ఐజీఏ, ఐజీఎం కొలతకు అందలేదు. సీడీ19 కణాలు 0.2 శాతం. డీహెచ్ఆర్ మామూలుగా ఉంది. బీటీకే పరీక్షకు బాబుది, నాది, అమ్మది నమూనాలు వెళ్లాయి, ఫలితం ఇంకా రావాలి. పోయిన బుధవారం మొదటిసారి 5 గ్రాములు ఎక్కించారు. ఐదు గంటలు పట్టింది, అందులో మూడు గంటలు వాడు నా ఒళ్లో నిద్రపోయాడు. సీసా మీది కాగితం నేనూ పుస్తకంలో అతికించాను.

మా అక్క ఫైలులో డాక్టరు గారి సంతకంతో చీటీ పెట్టించాం, బొడ్డుతాడు రక్తం పంపవలసిన ప్రయోగశాలతో కూడా మాట్లాడి ఉంచాం.

జన్యు విభాగంలో వంశవృక్షం గీయమన్నారు. అమ్మమ్మను కూర్చోబెట్టి అడుగుతుంటే, అశ్వారావుపేటలో ఉండే వాళ్ల చెల్లెలికి కూడా ఇద్దరు మగపిల్లలు చిన్నప్పుడే పోయారని, ఆ ఊసు ఎత్తడం ఇష్టం లేక ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదని అంది. ఆ చిన్నమ్మమ్మ మనవరాలికి పోయిన మాఘంలో పెళ్లయింది. మా ఆయన అమ్మమ్మకు ఫోను కలిపి ఇచ్చారు, ఆవిడే చెల్లెలితో అరగంట మాట్లాడింది. ఆదివారం ఆ అమ్మాయి, వాళ్ల అమ్మ మా ఇంటికి వస్తున్నారు. ఇద్దరికీ ఏ పరీక్ష రాయించాలో, ముందు ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో డాక్టరు గారు చెప్పగలరా?